చుట్టూ అందరూ అమ్మేశారు, మేం అమ్మం అంటే బిల్డర్ బలవంతంగా తీసుకోగలడా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఒడిశాలోని బరంపురం పాత ఊళ్లో తాతగారు 1958లో తన సంపాదనతో కొన్న ఇల్లు, రెండు పక్కలా ఉమ్మడి గోడలు, ముందు వీధి నుంచి వెనక సందు దాకా సన్నగా పొడుగ్గా ఉండేది. అటూ ఇటూ ఉన్న ఇళ్లన్నీ ఒక బిల్డర్ ఒక్కొక్కటిగా కొనేశాడు, మీది మధ్యలో మిగిలింది. అమ్మగారు ఇచ్చేది లేదంటున్నారు, మీరేమో విశాఖలో ఉద్యోగంలో ఉన్నారు. బిల్డర్ మనిషి వచ్చి మూడు మాటలు చెప్పి వెళ్లాడు: మీరు ఇవ్వకపోతే గవర్నమెంటు చేత తీయిస్తాం, వెనక దారి మూసేస్తాం, మీ చిన్నాన్న ఎలాగూ సంతకం పెట్టేశారు. పట్టా ఇంకా తాతగారి పేరు మీదే ఉంది.

బలవంతంగా తీసుకోలేరు. ఎందుకు అమ్మరో కారణం కూడా మీరు ఎవరికీ చెప్పక్కర్లేదు. మొదటి మాట ఉత్త బెదిరింపు, రెండోదాంట్లో కాస్త విషయం ఉంది, మూడోదే అసలైంది. మీరు మొదటిదానికి భయపడి మూడోదాన్ని చివర్లో ఒక ముక్కలో రాశారు. నేనైతే తిరగేసి చదువుతాను.

నేను బరంపురం కోర్టుల్లో సివిల్ కేసులే చూస్తాను. ఇళ్లవాళ్ల తరఫున వాదించాను, బిల్డర్లకు టైటిల్ (ఆస్తి మీద హక్కు ఎవరిదన్నది) చూసి అభిప్రాయం కూడా రాసిచ్చాను, కాబట్టి అటువైపు కూర్చున్నవాళ్లు ఏం మాట్లాడుకుంటారో తెలుసు. మధ్యలో ఒక ఇల్లు మిగిలిపోతే వాళ్లు అడిగే మొదటి ప్రశ్న “ఆ ముసలావిడని ఎలా ఒప్పిద్దాం” అని కాదు. “పట్టా ఎవరి పేరు మీద ఉంది, వారసులు ఎంతమంది, వాళ్లలో డబ్బు అవసరం ఎవరికుంది” అని. వద్దన్న మనిషి జోలికి పెద్దగా వెళ్లరు. ఆ మనిషి కాళ్ల కింద కాగితం ఎక్కడ బలహీనంగా ఉందో చూస్తారు.

ముందు గవర్నమెంటు సంగతి. 1978లో 44వ సవరణతో ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల్లోంచి పోయింది కాబట్టి ఇప్పుడు ఎవరి భూమైనా తీసుకోవచ్చు అని టీ కొట్టు దగ్గర చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. ప్రాథమిక హక్కు కాకుండా పోయింది గానీ 300ఎ అధికరణ కింద రాజ్యాంగ హక్కుగా ఉంది, చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఎవరి ఆస్తినీ తీసుకోకూడదు. ఆ చట్టం అంటే ముఖ్యంగా 2013 భూసేకరణ చట్టం, 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ప్రజాప్రయోజనం చూపించాలి, సామాజిక ప్రభావ అంచనా జరగాలి, నోటిఫికేషన్ వెయ్యాలి, అభ్యంతరాలు వినాలి. ప్రైవేటు కంపెనీ కోసం సేకరిస్తే నష్టపోయే కుటుంబాల్లో 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం ముందుగా ఒప్పుకోవాలి. మార్కెట్ విలువ మీద అంతే మొత్తం, అంటే నూటికి నూరు శాతం, సొలేషియం (బలవంతంగా తీసుకున్నందుకు అదనపు సొమ్ము) ఇవ్వాలి. ఒక బిల్డర్ లాభానికి కట్టి అమ్ముకునే అపార్ట్‌మెంట్ కోసం ఇంత తతంగం ఎవరూ నడపరు, నడిపినా దాన్ని ప్రజాప్రయోజనం అని కోర్టులో నిలబెట్టడం చాలా కష్టం. మా దగ్గర అలాంటిది ఒక్కటీ నేను చూడలేదు. 2024 మేలో కోల్‌కతా కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు 300ఎ లోపల ఏమేం ఉన్నాయో విడమరిచి చెప్పింది: నోటీసు, వినడం, కారణాలతో నిర్ణయం, ప్రజాప్రయోజనం, సరైన పరిహారం, ఇలా ఏడు. మీ వకీలుకి ఆ తీర్పు తెలిసే ఉంటుంది.

ఇంటర్నెట్‌లో అమెరికా కేసులు చదివి భయపడేవాళ్లు కూడా ఉన్నారు, అందుకని ఒక ముక్క. 2005లో కెలో కేసులో అక్కడి సుప్రీంకోర్టు 5–4తో, ఊరి ఆర్థికాభివృద్ధి కోసం ఇళ్లు తీసుకుని ప్రైవేటు ప్రాజెక్టుకి ఇవ్వొచ్చంది. ఆ ప్రాజెక్టు చివరికి రాలేదు, ఇళ్లు పడగొట్టిన జాగా ఏళ్ల తరబడి ఖాళీగా ఉండిపోయింది. ఏదైనా అది వాళ్ల చట్టం, మీకు అతకదు.

అయితే గవర్నమెంటు వైపు నుంచి నిజంగా రాగలిగేవి రెండున్నాయి. ఒకటి రోడ్డు వెడల్పు. డెవలప్‌మెంట్ అథారిటీ మాస్టర్ ప్లాన్‌లో మీ వీధి ఎంత వెడల్పు చూపించారో వెళ్లి చూసుకోండి, అందులో మీ ముందు గది పోయేటట్టుంటే అది బిల్డర్‌తో సంబంధం లేని వేరే పోరాటం. రెండోది, ఇల్లు శిథిలమైంది, పడిపోయేటట్టుంది అని బిల్డర్ మనుషులే కార్పొరేషన్‌కి ఫిర్యాదు పెట్టించడం. ఇది నేను చూశాను, పాత పెంకుటిళ్ల మీద బాగా వాడతారు. నోటీసు వస్తే పక్కన పడెయ్యకుండా వెంటనే లైసెన్సుడ్ ఇంజినీరు చేత చూపించి, చిన్న రిపేర్లు చేయించి, జవాబు రాసి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూల్చివేతల మీద ఇచ్చిన తీర్పు ప్రకారం 15 రోజుల నోటీసు లేకుండా కట్టడం కూల్చకూడదు. కానీ రోడ్డు మీద, ఫుట్‌పాత్ మీద కట్టినవాటికి ఆ రక్షణ లేదని అదే తీర్పులో ఉంది. మన పాత వీధుల్లో సగం అరుగులు కాలువ మీదే కదా ఉంటాయి. అరుగు పోయినంత మాత్రాన ఇల్లు పోయినట్టు కాదు, ఆ రోజు గొడవ పడి కేసులు తెచ్చుకోకండి.

ఇక వెనక దారి. ముందు ఒడిశా భూ రికార్డుల సైటు భూలేఖ్‌లో ఆ సందు ప్లాటు నంబరు తీసి కిసమ్ (భూమి రకం) ఏమని ఉందో చూడండి. రాస్తా (దారి) అని ప్రభుత్వ ఖాతాలో ఉంటే ఎవడూ మూయలేడు, మూస్తే తహసీల్దార్‌కి, కార్పొరేషన్‌కి కాగితం పెడితే చాలు. అది పక్కింటివాళ్ల సొంత ప్లాటులో భాగమై, ఇప్పుడు బిల్డర్ కొన్నదాంట్లో కలిసిపోయి ఉంటే మాత్రం మీరు వాడుక హక్కు మీద నిలబడాలి: 20 ఏళ్లు బహిరంగంగా, ఆగకుండా, ఒకరి దయ మీద కాకుండా మన దారి అన్నట్టు వాడి ఉండాలి. మీకు ముందు వీధి ఉంది కాబట్టి “మాకు వేరే దారి లేదు” అనే వాదన పనికిరాదు, అది గుర్తుంచుకోండి. దారి మూసిన రెండేళ్లలోపు దావా పడాలి, ఇంకా చూద్దాం ఇంకా చూద్దాం అని కూర్చుంటే హక్కే పోతుంది.

ఇక్కడ ఒక పని ఈ వారమే చెయ్యాలి. ఆ దారి మీరు ఎన్నేళ్లుగా వాడుతున్నారో చెప్పగలిగినవాళ్లు ఎవరు? ఇళ్లు అమ్మేసి వెళ్లిపోతున్న ఆ పక్కింటివాళ్లే. ఇంకో ఏడాదికి ఒకరు భువనేశ్వర్‌లో, ఒకరు సూరత్‌లో, ఒకరు కొడుకు దగ్గర ఉంటారు, పెద్దవాళ్లయితే ఉండకపోవచ్చు కూడా. ఇప్పుడే అఫిడవిట్లు రాయించుకోండి, కొత్త అడ్రసులు, ఫోన్ నంబర్లు తీసుకోండి. వాళ్లకి మీ మీద కోపమేమీ లేదు, డబ్బు చేతికొచ్చింది కాబట్టి మంచి మూడ్‌లోనే ఉంటారు.

సరే, చిన్నాన్నగారు.

తాతగారి స్వార్జితం, వీలునామా లేదు, నానమ్మ ముందే పోయారు, పిల్లలు ముగ్గురు – నాన్నగారు, చిన్నాన్న, మేనత్త – అని మీరు రాసినదాన్ని బట్టి లెక్కేస్తున్నాను. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ముగ్గురికీ సమానంగా మూడో వంతు. నాన్నగారి మూడో వంతు ఆయన తర్వాత అమ్మగారికి, మీకు, మీ చెల్లెలికి సమానంగా వస్తుంది. అంటే ఇల్లు అమ్మను అని గట్టిగా కూర్చున్న మీ అమ్మగారి పేరున ఉన్నది తొమ్మిదో వంతు. ఇది చదివి బాధపడకండి, బిల్డర్ వకీలు ఈ లెక్క ఎప్పుడో వేసుకుని ఉంటాడు, మీరూ వేసుకోవాలి.

ఆయన తన వాటా వరకు అమ్ముకోవచ్చా? అమ్ముకోవచ్చు. మొత్తం ఇల్లు అమ్మలేరు, “తూర్పు వైపు గది నాది” అని హద్దులు గీసి కూడా అమ్మలేరు, ఎందుకంటే పంపకాలే జరగలేదు. విడదీయని వాటా మాత్రమే. అది కొన్నవాడికి ఏం వస్తుందన్నదే అసలు ప్రశ్న, ఇక్కడ చట్టం మీకు మూడు అడ్డుగోడలు ఇచ్చింది.

ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షన్: విడిపోని కుటుంబం నివసించే ఇంట్లో వాటా కొన్న బయటివాడికి ఆ ఇంట్లో ఉమ్మడిగా కాపురం ఉండే హక్కు లేదు. అంటే రిజిస్ట్రీ కాగితం ఊపుకుంటూ తాళం బద్దలుకొట్టి ఒక గదిలో మనుషుల్ని కూర్చోబెట్టలేడు. ప్రయత్నిస్తే ఇంజంక్షన్ (ఆపమని కోర్టు ఆర్డర్) వస్తుంది. వాడు చెయ్యగలిగిందల్లా పంపకాల దావా వెయ్యడం. వాడు ఆ దావా వేస్తే 1893 నాటి పార్టిషన్ చట్టం 4వ సెక్షన్ ప్రకారం, కుటుంబ సభ్యుడు “ఆ వాటా నేనే కొంటాను” అని కోర్టుకి చెప్పవచ్చు, కోర్టు విలువ కట్టి మీకే అమ్మిస్తుంది. బ్రిటిష్ కాలం చట్టమే అయినా మన పాత ఊళ్ల ఇళ్లకి ఇంత పనికొచ్చేది ఇంకోటి లేదు. మూడోది, అమ్మకం ఇంకా జరగకపోతే, వారసత్వ చట్టం 22వ సెక్షన్. తోడి వారసుడు బయటికి అమ్మబోతుంటే కొనే హక్కు ముందు మీది, ధర కుదరకపోతే కోర్టు తేలుస్తుంది. కాబట్టి చిన్నాన్నగారికి ఒక రిజిస్టర్డ్ నోటీసు: మీ వాటా అమ్మదలుచుకుంటే మేం కొనడానికి సిద్ధం, అని. మర్యాదగా రాయించండి. “మా చిన్నాన్న మోసం చేశాడు” అని మొదలుపెట్టే నోటీసులు రాసిచ్చే వకీళ్లు ఉంటారు, అలాంటి నోటీసు ఆయన్ని నేరుగా బిల్డర్ ఆఫీసుకి నడిపిస్తుంది.

ఇప్పుడు దీంట్లో ఉన్న కన్నం చెప్తాను, ఎందుకంటే తెలివైన బిల్డర్ ఆ మూడు గోడలూ ఎక్కడు, పక్కనించి వస్తాడు. వాటా తను కొనడు. చిన్నాన్నగారి చేతే పంపకాల దావా వేయిస్తాడు, ఖర్చు తను పెట్టుకుంటాడు. అప్పుడు దావా వేసింది బయటివాడు కాదు కాబట్టి 4వ సెక్షన్ మీకు అందదు. పదిహేనడుగుల వెడల్పున్న ఇల్లు మూడు ముక్కలు చెయ్యలేరు కదా. అలా పంచడం కుదరని ఆస్తి విషయంలో, మొత్తం హక్కులో సగం లేదా అంతకు మించి వాటా ఉన్నవాళ్లు అడిగితే కోర్టు ఆస్తిని అమ్మించి డబ్బు పంచవచ్చు. చిన్నాన్నది మూడో వంతు. ఆయన ఒక్కడి వల్ల కాదు. మేనత్తగారు కలిస్తే మూడింట రెండు వంతులు.

కాబట్టి మీ ఇంటి భవిష్యత్తు ఇప్పుడు బిల్డర్ చేతిలో లేదు, చిన్నాన్న చేతిలో కూడా లేదు, మీ మేనత్తగారి చేతిలో ఉంది. ఆవిడ గురించి మీరు ప్రశ్నలో ఒక్క వాక్యం కూడా రాయలేదు, పిల్లలు ముగ్గురు అని చెప్పడానికి తప్ప. నాకిది కొత్త కాదు. బిల్డర్ ముందు ఛాతీ విరుచుకుని మా తాతల ఇల్లు అమ్మం అనే అన్నదమ్ములు చాలామంది అక్కచెల్లెళ్లకి ఏనాడూ పైసా ఇవ్వనివాళ్లే, ఆ పాత లెక్క బిల్డర్ రూపంలో తిరిగొస్తుంది. ఆవిడ దగ్గరికి వెళ్లండి. ఫోన్ కాదు, అమ్మగారిని తీసుకుని వెళ్లండి. ఆవిడకి రావాల్సినది ఉంది అని ముందు మీరే అనండి. ఆవిడ తన వాటా మీ పేరున వదులుకుంటానంటే ఉత్తి పుణ్యానికి రాయించుకోకండి, న్యాయమైన సొమ్ము బ్యాంకు ద్వారా ఇచ్చి రిజిస్టర్డ్ హక్కు విడుదల పత్రం రాయించుకోండి, ఒకేసారి ఇవ్వలేకపోతే కిస్తీలు రాసుకోండి. వాటా అలాగే ఉంచుకుని అమ్మకానికి ఒప్పుకోనంటే అదీ చాలు.

ఒకవేళ ఆవిడా అటువైపు వెళ్లిపోయి, కోర్టు అమ్మకం దాకా వచ్చినా, అమ్మమన్నవాళ్ల వాటాలను కోర్టు కట్టిన విలువకి కొంటామని మిగతా వాటాదారు అడగవచ్చు. ఆ 1893 పార్టిషన్ చట్టంలోదే 3వ సెక్షన్ అది. అంటే చివరికి ఇది డబ్బు ప్రశ్న అవుతుంది. అమ్మం అనేవాళ్లు కొనడానికి సిద్ధంగా ఉండాలి. మా దగ్గర ఒక కుటుంబం సరిగ్గా ఇలాగే వాటా కొనుక్కుని ఇల్లు నిలబెట్టుకుంది, కానీ ఆ దావా నడిచినన్నాళ్లు పెద్ద కొడుకు తన కూతురి పెళ్లికి దాచిన బంగారం బ్యాంకులో పెట్టి ఉంచాడు. నిలబెట్టుకున్నందుకు వాళ్లు సంతోషంగానే ఉన్నారు. అందరూ అలా ఉండరు.

కాగితాల పని. పట్టా తాతగారి పేరున ఉన్నన్నాళ్లు మీరందరూ గాల్లో ఉన్నట్టే. తహసీల్ ఆఫీసులో లీగల్ హెయిర్ సర్టిఫికెట్ తీసుకుని, వారసులందరి పేర్లు రికార్డులో ఎక్కేలా మ్యుటేషన్‌కి పెట్టండి. పట్టా ఒక్కటే టైటిల్ కాదు, అయినా మీ పేరు అందులో లేకపోతే ప్రతి చోటా నువ్వెవరు అంటారు. ఒడియా రికార్డుల్లో మన పేర్లు ఎలా పడతాయో మీకు తెలిసిందే, ఇంటిపేరు ఒక చోట ముందు, ఒక చోట వెనక, ఇంకో చోట అసలు ఉండదు, అప్పారావు పట్రో అవుతాడు. ఆధార్, పట్టా, దస్తావేజు మూడింట్లో మూడు పేర్లుంటే ఒకే మనిషి అని అఫిడవిట్ ఇప్పుడే చేయించుకోండి. పాత సాబక్ ప్లాటు నంబరు, ఇప్పటి హాల్ నంబరు కలిపి చూపించే కాగితం తీసుకోండి. 1958 దస్తావేజు అసలు ఎక్కడుంది? చిన్నాన్న దగ్గరుంటే అడిగి గొడవ పెట్టుకోకుండా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలుకి దరఖాస్తు పెట్టండి, ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) కూడా తీయండి. ఆ ఈసీలోనే ఆయన నిజంగా ఏదైనా రిజిస్టర్ చేశారో లేదో బయటపడుతుంది.

1936 ఏప్రిల్ 1 దాకా మన గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది కాబట్టి అంతకు ముందు దస్తావేజులు చాలావరకు తెలుగులో ఉంటాయి. అవి చెత్త అనుకుని పారేసినవాళ్లని చూశాను. పర్లాకిమిడిలో ఇద్దరు అక్కచెల్లెళ్ల ఇల్లు ఒకటి, పెరడు వాళ్లది కాదని కొనుగోలుదారు అడ్డం తిరిగితే, పెట్టె అడుగున దొరికిన తెలుగు దస్తావేజులో నూతితో సహా నాలుగు హద్దులూ రాసి ఉన్నాయి, దాన్ని ఒడియాలోకి అనువాదం చేయించి పెట్టాం, ఆ నుయ్యి ఇప్పటికీ ఉంది. అమీన్ (సర్వేయరు) వచ్చి కొలిచాక అవతలివాడు రాజీకి వచ్చాడు. కొలతల దగ్గర ఒక జాగ్రత్త: ఆంధ్రా బంధువులు సెంటు అన్నది ఇక్కడ డిసిమిల్, రెండూ 435.6 చదరపు అడుగులే. కానీ గుంట మాత్రం వేరు. హైదరాబాదువాళ్లకి ఎకరాకి 40 గుంటలు, ఒడిశాలో ఎకరాకి 25. ఫోన్‌లో ధర మాట్లాడేటప్పుడు ఇది కలిసిపోతే లక్షల్లో తేడా.

ఏ కాగితం మీదా సంతకం వద్దు. బయానా అసలు వద్దు. “ఊరికే టోకెన్, ఇష్టం లేకపోతే తిరిగిచ్చెయ్యండి” అంటారు. ఒప్పందాల అమలుకి సంబంధించిన స్పెసిఫిక్ రిలీఫ్ చట్టానికి 2018లో వచ్చిన సవరణ తర్వాత అమ్మకపు ఒప్పందం ఉంటే కోర్టు దాన్ని అమలు చేయించడమే సాధారణం, ఇదివరకులా జడ్జిగారి విచక్షణకి పెద్దగా చోటు లేదు. వాట్సాప్‌లో “ఇంతకైతే ఆలోచిస్తాం” లాంటి మాటలు కూడా మానండి. ప్లాన్ అప్రూవల్ కోసం పక్కింటివాళ్లుగా అభ్యంతరం లేదని రాసివ్వమని తెస్తారు, దాని మూడో పేజీలో ఉమ్మడి గోడ తీయడానికి మీరు ఒప్పుకున్నట్టు ఉంటుంది. అమ్మగారు ఒక్కరే ఉంటారు కాబట్టి ఆవిడకి ఒక్క మాట నేర్పండి చాలు: ఏ కాగితమైనా ఉంచి వెళ్లండి, మా అబ్బాయి చూస్తాడు.

ఉమ్మడి గోడ అన్నాను కాబట్టి, మీకు రోజువారీ కష్టం వచ్చేది అక్కడి నుంచే. పక్క ఇళ్లు పడగొట్టేటప్పుడు మీ దూలాలు ఆనుకున్న గోడ కదులుతుంది, పునాదులు లోతుగా తవ్వితే మట్టి జారుతుంది. పని మొదలవ్వకముందే ఇంజినీరు చేత ప్రతి గోడకీ తేదీతో ఫోటోలు, రిపోర్టు తీసి ఉంచండి. తర్వాత పగుళ్లు వస్తే “అవి పాతవే” అంటాడు, ఎప్పుడూ అదే అంటాడు. అప్పుడు ఇంజంక్షన్‌తో పాటు కోర్టు కమిషనర్‌ని వేయమని అడగొచ్చు. మీకు తెలియకుండా వాళ్లు ఏకపక్షంగా ఆర్డర్ తెచ్చుకోకుండా ఒక కేవియట్ (ముందు మా మాట వినండి అని కోర్టులో పెట్టే కాగితం) వేయించండి, అది 90 రోజులు ఉంటుంది, తర్వాత మళ్లీ వెయ్యాలి. ఎవరైనా ఎప్పుడైనా బలవంతంగా ఖాళీ చేయిస్తే, టైటిల్ ఎవరిదన్న ప్రశ్న లేకుండానే స్వాధీనం తిరిగి పొందే దావా ఉంది, కానీ ఆరు నెలల్లో వెయ్యాలి.

ఇంకో చిన్న పని, ఇంట్లో కూర్చుని చెయ్యొచ్చు: ఒడిశా రెరా (బిల్డర్ల ప్రాజెక్టులను నియంత్రించే సంస్థ) సైటులో ఆ ప్రాజెక్టు నమోదైందేమో చూడండి. 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది ఫ్లాట్లు దాటినా నమోదు తప్పనిసరి, స్థలం మీద హక్కు తనకి ఉందని డిక్లరేషన్ ఇవ్వాలి. మీ ప్లాటు నంబరు వాళ్ల లేఅవుట్‌లో కలిపి చూపించి బుకింగులు తీసుకుంటుంటే వెంటనే ఫిర్యాదు చెయ్యండి.

ధర గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. పట్టు పట్టినకొద్దీ రేటు పెరుగుతుంది అని బంధువులు చెవిలో ఊదుతూ ఉంటారు. పెరుగుతుంది, బిల్డర్ ప్లాన్ మీ స్థలం లేకుండా అప్రూవ్ అయ్యే రోజు వరకు. ఆ తర్వాత మీ ఇల్లు ఆయనకి అక్కర్లేదు, రెండు ఎత్తు బిల్డింగుల మధ్య వెలుతురు లేని సన్నటి ఇల్లు ఇంకెవరు కొంటారు? అమెరికాలో సియాటిల్‌లో ఈడిత్ మేస్‌ఫీల్డ్ అనే ముసలావిడ 2006లో పది లక్షల డాలర్లు ఇస్తామన్నా కదల్లేదు, ఆవిడ ఇంటి చుట్టూ మాల్ కట్టేశారు. 2008లో తన ఇంట్లోనే పోయారు. ఆ ఇల్లు తర్వాత అమ్మితే వచ్చింది దాదాపు మూడు లక్షలు. ఆవిడకి అది నష్టం కాదు, ఆవిడకి కావాల్సింది ఆ ఇంట్లో ఉండటమే. చైనాలో చోంగ్‌చింగ్‌లో చుట్టూ పది మీటర్ల గొయ్యి తవ్వేసినా దిగని కుటుంబం మాత్రం 2007లో చివరికి రాజీ పడి వేరే చోట స్థలం తీసుకుంది. రెండు ఇళ్ల ఫోటోలూ ఒకేలా ఉంటాయి, లోపలివాళ్లకి కావాల్సింది మాత్రం వేరు. మా ఊళ్లోనే ఒకాయన రేటు కోసం ఆగీ ఆగీ, బిల్డర్ ప్లాన్ మార్చేసుకున్నాక మొదట ఇస్తామన్నదాంట్లో సగానికి దిగి వచ్చాడు, అప్పుడూ తీసుకోలేదు. కాబట్టి మీది రేటు కోసం వద్దా, నిజంగానే వద్దా అన్నది మీ ఇంట్లో మీరు తేల్చుకోండి, బయటికి చెప్పక్కర్లేదు.

రాయగడ, కోరాపుట్, మల్కనగిరి వైపు నుంచి ఇది చదివేవాళ్లకి ఒక హెచ్చరిక. అవిభక్త (విడిపోకముందు పాత) కోరాపుట్ జిల్లా అంతా, గజపతిలో కొంత భాగం షెడ్యూల్డ్ ఏరియా. అక్కడ 1956 నాటి రెండో రెగ్యులేషన్ ప్రకారం గిరిజనుల భూమి గిరిజనేతరులకి పోకూడదు. ఎప్పుడో పెద్దవాళ్లు తెల్లకాగితం మీదో, పనిమనిషి పేరు మీదో కొన్న ఇళ్లలో ఉంటూ “మేం అమ్మం” అని కోర్టుకెక్కితే మొదట తేలేది మీ కొనుగోలే. నియమగిరిలో 2013లో 12 గ్రామసభలు బాక్సైట్ గని వద్దని నిలిచాయి కదా, మాకూ అదే వర్తిస్తుందా అని అడుగుతుంటారు. అది అటవీ హక్కుల చట్టం, గ్రామసభ హక్కు, పట్నంలో సొంత ఇంటికి దానితో పనిలేదు.

అమ్మగారి విషయం. మీరు “అమ్మ మొండిపట్టు” అని రాశారు. ఎందుకు వద్దంటున్నారో అడిగారా? నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది పెద్దవాళ్లకి ఇల్లు మీద కన్నా, అమ్మాక తను ఎవరి ఇంట్లో ఏ గదిలో ఉండాలన్నదాని మీదే బెంగ. ఒకావిడ కూతురు దగ్గరికి వెళ్లాలని ఉన్నా కొడుకులు ఏమంటారో అని ఇల్లు పట్టుకుని ఉండిపోయారు. ఇంకొకాయనకి మగ్గం గుంట ఉన్న గది వదలబుద్ధి కాలేదు, అంతే, ఇంకే కారణం లేదు, అది చాలు. అమ్మగారిది ఏదైనా సరే, ఆవిడ ఉన్నన్నాళ్లు ఆ ఇల్లు కదలదు అని మీరూ మీ చెల్లెలూ ముందు ఒక మాట మీదకి రండి, ఎందుకంటే రేపు బిల్డర్ మనిషి విశాఖకి మీ ఫ్లాటుకి కూడా వస్తాడు, మీ వాటా కూడా తొమ్మిదో వంతే.

ఒకవేళ ఎప్పుడైనా ఇద్దాం అనుకుంటే నగదు తీసుకోకండి, స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, అంతకు మించిన నగదుకి అంతే జరిమానా పడుతుంది. ఫ్లాట్లలో వాటా ఇస్తామంటే ప్లాన్ మంజూరు కాకుండా ఇల్లు పడగొట్టనివ్వకండి. మిగతాది అప్పుడు మాట్లాడుకోవచ్చు.

ప్రస్తుతానికి ఈసీ, నకలు తీయించి చిన్నాన్నగారు పెట్టిన సంతకం దేని మీదో తెలుసుకుని ఇక్కడే రాయండి. సేల్ డీడ్ అయితే ఒక దారి. ఒప్పందం మాత్రమే అయితే 22వ సెక్షన్‌కి ఇంకా టైం ఉంది. జీపీఏ (ఆయన తరఫున వ్యవహరించే అధికారం ఇచ్చే పత్రం) అయితే దాన్ని ఆయన రద్దు చేసుకోవడానికి వీలుందో లేదో లోపల రాసిన షరతులు చూస్తే గానీ చెప్పలేను. రిజిస్టర్ కానిదైతే ఈసీలో కనిపించదు, ఆయన్నే అడగాలి. మేనత్తగారింటికి మాత్రం అది తేలేదాకా ఆగకుండా వెళ్లండి.